ఆ భయం పిల్లల దాకా పోనీయకు

తెనాలి,
మే నెలాఖరు.

చిరంజీవి అమ్మలుకి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు ఏలూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో మ్యాథ్స్ టీచరుగా ఉద్యోగం వచ్చిందని ఒక్క ముక్క చెప్పి, డీఎస్సీ పోయిందన్న దిగులు మాత్రం అరగంట చెప్పింది. నువ్వు ఫోన్ దగ్గరికే రాలేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే వాటిలో ఒక్కటీ నీది కాకపోవడం బాధే, కాదనను. మళ్లీ నోటిఫికేషన్ పడితే మళ్లీ రాయి. ఈలోపు ఏదో ఒకటి అనుకుని మాత్రం ఆ గేటు దాటొద్దు. నువ్వు ఏడాది తిరిగేసరికి వెళ్లిపోవచ్చు. నీ ముందు కూర్చునే పిల్లకి ఎనిమిదో తరగతి ఆ ఒక్క ఏడాదే.

నేను 1989లో నాలుగొందల యాభై రూపాయల జీతానికి తెలుగు టీచరుగా చేరాను. రెండు బళ్లలో కలిపి ముప్పై ఏళ్లు చేశాను. చేరేముందు ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు నాకెవరూ లేరు. అందుకే ఇంత పొడుగున రాస్తున్నా, విసుక్కోకు.

ప్రైవేటు బడి ఫీజులతో నడుస్తుందని అందరూ అంటారు. నన్నడిగితే సగం భయంతో నడుస్తుంది. పక్క వీధిలో కార్పొరేట్ బ్రాంచి తెరిస్తే అడ్మిషన్లు పోతాయని కరస్పాండెంటుకి భయం. ఆయన ఎక్కడ కేకలేస్తాడోనని ప్రిన్సిపాల్‌కి భయం. రౌండ్స్‌కొచ్చిన ప్రిన్సిపాల్‌కి లెసన్ ప్లాన్ రాయలేదని దొరికిపోతామని మనకి భయం. అలా ఒకరి నెత్తిన ఒకరు దించుకుంటూ వస్తే చివరికి దించుకోడానికి చోటు లేనివాడు బెంచీ మీద కూర్చున్న పిల్లాడే. నువ్వు ఆ వరసలో ఆఖరి పెద్దమనిషివి. ఆ భయం నీ దగ్గర ఆగితే ఆగుతుంది, లేకపోతే లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. మిగతాదంతా దాని వెనకాల తోక.

నా తప్పు ఒకటి చెప్తాను. చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, హాఫియర్లీ పరీక్షల ముందు ఆఫీసు నుంచి ఫీజు బకాయిల లిస్టు వచ్చింది. క్లాసులో చదివి, నిలబెట్టమన్నారు. చదివాను. ఏడుగురు లేచారు. ఆరుగురు తల దించుకున్నారు. ఏడో పిల్ల మాత్రం తల దించకుండా నన్నే చూసింది. మర్నాటి నుంచి నాలుగు రోజులు బడికి రాలేదు. ఐదో రోజు వచ్చింది, ఫీజూ కట్టింది. కానీ నా క్లాసులో పద్యం అప్పజెప్పమంటే మళ్లీ ఏడాదంతా నోరు తెరవలేదు. అంతకుముందు గొంతెత్తి పాడే పిల్ల. ఆ తర్వాత లిస్టు వస్తే నేను చీటీలు రాసి, మడిచి, డైరీల్లో పెట్టి ఇచ్చేదాన్ని. రెండు మూడుసార్లు మాట పడ్డాను. తర్వాత ఆఫీసువాళ్లే చీటీలు అచ్చు వేయించారు. ఫీజు వసూలవ్వాలి, లేకపోతే మన జీతం రాదు, అది నిజమే. దానికి పిల్లని నిలబెట్టక్కర్లేదు.

నీకు బీఈడీలో చెప్పే ఉంటారు గానీ గుర్తు చేస్తున్నా. మన రాష్ట్రంలో బడిలో కొట్టడాన్ని 2002లోనే జీవో ఇచ్చి నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శరీరానికి దెబ్బతో పాటు మనసుకి పెట్టే హింసనీ కలిపే వద్దంది. అయినా స్టాఫ్ రూములో ఎవరో ఒక సీనియర్ టీచరు నీకు చెప్తుంది: ‘మొదటి వారం నాలుగు తగిలించు, ఏడాదంతా కుక్కిన పేనుల్లా పడుంటారు’ అని. తగిలిస్తే పడుంటారు, అబద్ధం కాదు. పడున్న పిల్లలకి లెక్కలు రావు, అంతే. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుందని ఎవడైనా లేచి అడగాలంటే వాడికి ముందు నీ దగ్గర చనువుండాలి. అడిగినవాణ్ణి ‘అది రూలు, రాసుకో’ అని కూర్చోబెట్టకు. నీకు ఆ నిమిషాన తోచకపోతే రేపు చెప్తానను. రేపు చెప్పు. టీచరుకి తెలియనిది ఉంటుందని తెలిస్తే పిల్లలకి మనమీద గౌరవం పోతుందని మేమంతా అనుకునేవాళ్లం. నాకెప్పుడూ పోలేదు.

ఆ చట్టంలోనే ఇంకోటుంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి పంపేయకూడదు. తొమ్మిదికి ఆ కాపు లేదు. అందుకే పదిలో నూటికి నూరు శాతం ఫ్లెక్సీ వేసుకోవాలనుకునే చోట, తొమ్మిది చివర్లో మార్కులు రాని పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి టీసీ తీసుకోమంటారు. ముందుగా నిన్నడుగుతారు, ‘మ్యాథ్స్‌లో వీడు గట్టెక్కుతాడా?’ అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేముందు పది వరకు లెక్కపెట్టుకో. కావలసింది 35 మార్కులు. రోజూ సాయంత్రం స్టడీ అవర్లో వాడి పక్కన కూర్చోగలిగితే ‘గట్టెక్కిస్తాను’ అను. కూర్చోలేనంటే అదీ చెప్పు. ‘కష్టమే సార్’ అని తేలిగ్గా అనేస్తే మాత్రం వాడి టీసీ నువ్వు రాసినట్టే.

నోటు పుస్తకాల సంగతి. ఐదు సెక్షన్లకి చెప్తావనుకో, సెక్షనుకి నలభై అయినా రెండొందల పుస్తకాలు. అన్నిట్లో ఎర్ర సిరా కనబడాలి, ఎందుకంటే వాటిని చూసేది తల్లిదండ్రులూ ప్రిన్సిపాలూ. నేనూ టిక్కులు కొట్టాను, చెయ్యి నొప్పెట్టేదాకా. ఒకసారి ఒక గడుగ్గాయి వ్యాసం మధ్యలో ‘టీచర్ గారూ, మీరు ఇది చదవరని నాకు తెలుసు’ అని రాశాడు. దాని కింద నా చేతి రాతతో టిక్కు, ‘గుడ్’. సెలవులయ్యాక వాడే నవ్వుతూ చూపించాడు. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నా. వారానికి సెక్షనుకి పది పుస్తకాలు పూర్తిగా చదవడం, ఎక్కడ తప్పు మొదలైందో అక్కడ ఒక మాట రాయడం. మిగతావి పైపైన చూడటం. నెల తిరిగేసరికి అందరివీ ఒకసారి నిజంగా చూసినట్టవుతుంది. లెక్కలకైతే ఇది ఇంకా అవసరం. జవాబు తప్పని కొట్టేస్తే వాడికేం తెలుస్తుంది? మూడో స్టెప్పులో గుర్తు మారిందని చూపిస్తే కదా.

ఇక మనుషులు. చేరిన రోజు అందరూ కరస్పాండెంటు గారి గదికి వెళ్లి నమస్కారం పెడతారు, నువ్వూ పెట్టు. అక్కడినుంచి తిన్నగా ఆయమ్మ దగ్గరికి వెళ్లు. ఏ పిల్ల టిఫిన్ తినకుండా వస్తుందో, ఎవరు ఏ పీరియడ్‌లో బాత్‌రూంలో కూర్చుని ఏడుస్తారో, ఏ పిల్ల మొదటిసారి నెలసరి వచ్చి భయపడిందో ఆమెకి తెలిసినంత మనకి తెలియదు. బస్సు డ్రైవరుకి తెలిసేది ఇంకో రకం: పిల్లల్ని దింపినప్పుడు ఇంటి తాళం వేసి ఉంటుందా, గేటు దగ్గర ఎవరు నిలబడతారు. వాళ్లని పేరు పెట్టి, గారు చేర్చి పిలువు. మన స్టాఫ్ రూముల్లో ఇది అరుదు, నీకే కొత్తగా అనిపించొచ్చు.

ఒక ఆయమ్మ చెప్పబట్టే ఒక పిల్ల విషయం నాకు తెలిసింది. ఎవరు, ఏమిటి అన్నది రాయను. అలాంటిది నీ చెవిన పడిందంటే, పిల్లల మీద లైంగిక వేధింపుల గురించిన 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. తెలిసీ ఊరుకోవడమే నేరం. ‘బడి పరువు పోతుంది, లోపల్లోపల మాట్లాడుకుందాం’ అని ఎవరైనా అంటే వినకు. 1098 నంబరు పిల్లల కోసమే ఉంది. ఆ పిల్ల పేరు మాత్రం స్టాఫ్ రూములో కూడా ఎత్తకు.

క్లర్కుతో సఖ్యంగా ఉండు, కానీ అతని మీద ఆధారపడకు. పదో తరగతి పరీక్ష రాసే పిల్లల జాబితా, అదే నామినల్ రోల్స్, వెళ్లేటప్పుడు క్లాస్ టీచరుగా నీ చేత సంతకం పెట్టిస్తారు. అడ్మిషన్ రిజిస్టరు, ఆధార్ రెండూ పక్కన పెట్టుకుని పేరూ, తండ్రి పేరూ, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూడు. ఇంటిపేరు ముందు రాశారా, వెనక రాశారా, ఇంగ్లీషులో ఒక ‘ఏ’నా, రెండా? విసుగు పని. కానీ పదో తరగతి సర్టిఫికెట్టులోని పుట్టిన తేదీయే వాణ్ణి ఉద్యోగం నుంచి రిటైరయ్యేదాకా వెంటాడుతుంది. తప్పు పడితే ఆ తండ్రి కూలి మానుకుని డీఈవో ఆఫీసు చుట్టూ తిరగాలి. పిల్లాడి చేత, వాళ్ల నాన్న చేత ఒకసారి చదివించి చూపించాకే సంతకం పెట్టు.

వేసవిలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగమంటారు. తిరుగు, తప్పదు, గొడుగు తీసుకెళ్లు. చెయ్యలేని మాట మాత్రం ఏ తల్లికీ ఇవ్వకు.

ఇప్పుడు నీ సంగతి. మీ అమ్మకి నచ్చదు, చేరకముందే డబ్బు మాటలేమిటంటుంది. అందుకే నేను రాయాలి. అపాయింట్‌మెంట్ ఆర్డరు కాగితం మీద తీసుకో. జీతం ఎంత, ఏడాదికి పది నెలలా పన్నెండు నెలలా అన్నది అందులో ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, జిరాక్సులు ఇవ్వు. ఉంచుకుంటామంటే వద్దను, తప్పనిసరైతే రసీదు అడుగు. జీతం బ్యాంకులో వెయ్యమను. చేతికిచ్చేది ఒక అంకె, రిజిస్టర్లో సంతకం పెట్టేది ఇంకో అంకె అయితే పెట్టకు. 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకే పోవాలంది. ఎన్ని బళ్లలో పోతుందో నన్నడక్కు. ఇరవై మందీ ఆ పైనా పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి. నీ యూఏఎన్ నంబరు ఎంతో మొదటి నెలలోనే కనుక్కో.

గ్రాట్యుటీ అని ఒకటుందని నాకు 2019లో మానేసేదాకా సరిగ్గా తెలియదు. రెండో బడిలో ఇరవై రెండేళ్లు చేశాను, ఆఖరి జీతం పద్దెనిమిది వేలు. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలకి ఇరవై ఆరు రోజుల లెక్కన, దాదాపు 2 లక్షల 28 వేలు. నువ్వే వేసి చూడు, లెక్కల టీచరువి. నాకు శాలువా కప్పి, వెంకటేశ్వరస్వామి ఫొటో ఇచ్చి పంపారు. టీచర్లకీ గ్రాట్యుటీ ఉందని 2009లో చట్టం సవరించారు, 1997 నుంచీ లెక్కలోకి వచ్చేలా. యాజమాన్యాలు దాని మీద కోర్టులకెక్కితే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చింది. పేపర్లో అది చూసి నేనూ అడగబోయాను. చేరిన తేదీ చూపించే కాగితం ఒక్కటి లేదు నా దగ్గర. గ్రూపు ఫొటోలున్నాయి, ఏటేటా ఒకటి చొప్పున. వాటిలో మొదటి దాని వెనక ఏడాది రాసుకోవాలన్న తెలివి కూడా లేకపోయింది.

దాని మీద నాకు కోపం ఉంది. ఇలాంటి కోపంతో ఏనాడూ క్లాసులోకి వెళ్లలేదని కాదు. వెళ్లాను. ఇంక్రిమెంటు లేదన్న రోజున ఏడో తరగతి ‘బి’ సెక్షన్ అల్లరి నాకు మామూలు కన్నా పెద్దగా వినిపించింది. నీకూ అలాంటి రోజులొస్తాయి. అప్పుడు ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, రెండు నిమిషాలు ఆలస్యంగా లోపలికి వెళ్లు. ఆలస్యమైందని ప్రిన్సిపాల్ అంటే అననీ.

మీ అమ్మ చేత రెండు మంగళగిరి చీరలు పంపిస్తున్నాను, గంజి పెట్టే ఉన్నాయి. బోర్డు మీద చెయ్యెత్తి రాయాలి గనక జాకెట్లు కాస్త వదులుగా కుట్టించుకో. కొత్త చెప్పులు మొదటి రోజు వేసుకోకు, రోజంతా నిలబడాలి. మొదటి ఆదివారం నాకు ఫోన్ చెయ్యి. పాఠం ఎలా చెప్పావని అడగను. మీ బళ్లో గంట కొట్టే ఆయమ్మ పేరేమిటో చెప్పు చాలు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ