వీడని నడుమునొప్పి – వెన్నెముక క్షయ

1. బరువులెత్తుటవలనను వంగి పనిచేయుటవలనను గలుగు నడుమునొప్పి పెక్కుమందికి కొన్ని వారములలో తగ్గిపోవును. దానికి భయపడ నక్కరలేదు. కాని ఆరువారములు గడచినను తగ్గక, నానాటికి హెచ్చుచు, రాత్రివేళ నిద్ర చెరచు నొప్పిని వాతమని త్రోసిపుచ్చరాదు. మన దేశమున నట్టి నొప్పికి వెన్నెముక క్షయ కారణమగుట కలదు.

2. వ్యాధి స్వభావము. – ఈ వ్యాధివలని గూనిని, కాళ్ల బలహీనతను 1779లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ వర్ణించెను. క్షయ సూక్ష్మజీవిని 1882 మార్చి 24వ తేదీన రాబర్ట్ కాక్ బెర్లినునందు వెల్లడించెను. ఈ జీవి ఊపిరితిత్తులనుండి రక్తముద్వారా వెన్నుపూసలను జేరి, ప్రక్కప్రక్కనున్న పూసలను తినివేయును. పూసలు క్రుంగి గూని యేర్పడును. చీము చేరి వెన్నుపామును నొక్కినచో కాళ్లు చచ్చుపడును. ఎముకలకును కీళ్లకును సోకు క్షయలో సుమారు సగము వెన్నెముకయందే కానవచ్చును. రోగికి దగ్గు లేకపోవచ్చును. కావున కఫపరీక్షలో ఏమియు కనబడకున్నను సందేహము తీరినట్లు కాదు.

3. గమనింపవలసిన చిహ్నములు. –
(అ) సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, ఆకలి లేమి, శరీరము చిక్కుట.
(ఆ) వెన్నున ఒక్కచోట నొక్కినంత నొప్పి. అచ్చట ఉబ్బు లేక గూని.
(ఇ) కాళ్ల తిమ్మిరి, నడక తడబాటు.
(ఈ) మూత్రము బిగియుట, మలమూత్రములపై అదుపు తప్పుట, తొడల నడుమ స్పర్శ తెలియకుండుట. ఇవి యే కారణమున గలిగినను ఆనాడే ఆసుపత్రికి చేర్పవలయును.
పూర్వము పుట్టకురుపు వచ్చినవారికి క్రొత్తగా కలిగిన నడుమునొప్పియు పరీక్షింపదగినదే.

4. చికిత్స. – మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము శానిటోరియము 1915లో తెరువబడిన కాలమున విశ్రాంతియు, మంచి గాలియు, పుష్టికరాహారమునే ముఖ్యాధారములు. నేడు మందులు కలవు. తొలిదశలో ఎక్స్‌రేయందు దోషము కనబడకపోవచ్చును గనుక, ఎం.ఆర్.ఐ. పరీక్షయు, సూదితో తీసిన కణజాల పరీక్షయు అవసరమగును. మందులు సాధారణముగా పండ్రెండు మాసములు వాడవలయును. పెక్కుమందికి శస్త్రచికిత్స లేకయే నయమగును. నొప్పి తగ్గినదని నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టుటయేగాక మందులకు లొంగకపోవచ్చును.

5. ఉద్యోగుల విధులు. –
(అ) పారిశుద్ధ్యపు పనివారును, బరువులు మోయు కూలీలును నొప్పి చెప్పుకొన్నప్పుడు సోమరితనమని యెంచక, ఎన్నినాళ్లనుండి యున్నదో విచారించి వైద్యునియొద్దకు పంపవలయును.
(ఆ) వాతలు పెట్టుట, నడుము త్రొక్కించుట హానికరములని గ్రామములందు తెలియజేయవలయును.
(ఇ) క్షయరోగులనుగూర్చి ప్రభుత్వమునకు తెలుపుట 2012 నుండి ప్రైవేటు వైద్యులకును విధి.
(ఈ) చికిత్సాకాలమున పోషణకై 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన సహాయము 2024 నవంబరు నుండి 1,000 రూపాయలకు పెంపబడినది. అది రోగికి అందునట్లు చూడవలయును.
(ఉ) ఊపిరితిత్తులకు సోకని వెన్నెముక క్షయ శ్వాసద్వారా ఇతరులకు అంటదు. కావున రోగిని పనినుండి గాని యింటినుండి గాని వెడలగొట్టుట అన్యాయము. ఇంటివారినిమాత్రము క్షయకై పరీక్ష చేయింపవలయును.

6. పూసలు క్రుంగకమునుపు మందులు మొదలిడినచో రోగి తన కాళ్లపై నిలిచి తన కూడు తాను సంపాదించుకొనగలడు. ఆలస్యమైనచో వ్యాధి నయమైనను గూని నిలిచిపోవచ్చును. కావున ఆరువారముల గడువును ప్రతి యుద్యోగియు జ్ఞప్తియందుంచుకొనవలయును.