పెరిగిన ఊరి పేరు

పాఠ్యభాగములు: లూకా 4:16-30, యోహాను 1:45-46, అపొ. కార్యములు 22:6-8



సెలవులు వచ్చాయంటే సిల్క్‌బోర్డు కూడలిలో రాత్రి బస్సుల దగ్గర మనవారే కనబడతారు. ఒంగోలు, కావలి, నెల్లూరు. రెండు రోజులుండి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు తిరిగి వచ్చిన తరువాత, "ఊరిలో ఏమున్నదండీ, ఎండా దుమ్మూ" అనేవారు కొందరు. "ఆ రోజులే వేరు, స్వర్గమండీ" అనేవారు మరికొందరు. రెండూ తొందరపాటు మాటలే.

నజరేతును గూర్చి నతనయేలు అడిగిన ప్రశ్న మనకు తెలిసినదే. అతడు అలా అడగడములో వింత లేదు. పాత నిబంధనలో ఆ ఊరి పేరు ఒక్కచోట కూడా కనబడదు. అయితే ప్రభువు అక్కడే పెరిగాడు. పెద్దవాడై తిరిగి వచ్చినప్పుడు విశ్రాంతిదినమున సమాజమందిరమునకు వెళ్ళడము ఆయనకు వాడుక అని లూకా వ్రాశాడు. ఆ వాడుకను ఆయనకు నేర్పినది యెరూషలేము కాదు, ఆ చిన్న ఊరు. అదే ఊరివారు అదే దినమున ఆయనను కొండకొమ్ము నుండి పడద్రోయబోయారు. ఇంత జరిగిన తరువాత ఆ ఊరి పేరు వదిలివేసినా ఎవరూ తప్పుపట్టరు. కానీ దమస్కు మార్గములో సౌలుతో మాట్లాడినప్పుడు, అనగా పునరుత్థానము తరువాత కూడా, నజరేతు పేరుతోనే తన్ను తెలియజేసుకొన్నాడు. ఈ వచనమును మనము వేగముగా చదివి దాటిపోతుంటాము.

ఇక మన నజరేతు సంగతి చూద్దాము. ఒంగోలు ఊరివెలుపలి కొండపై 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ప్రార్థించినవారు ఐదుగురే: జూయెట్ దొరగారు, దొరసానిగారు, జూలియా, రూతు, నర్సు. క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడింది. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళు గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి దొరికేటట్లు చేశారు. గింజల కొరకు వచ్చారనే మాట రాకూడదని సహాయకాలములో బాప్తిస్మములు ఆపివేశారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు అక్షరము ఎరుగని మాదిగ కూలీలు. పల్లెలో బడి గడప తొక్కనివ్వని పిల్లలకు పలకాబలపము, హాస్టలులో అన్నము, ఆసుపత్రిలో మంచము దొరికినది ఈ చిన్న పట్టణములలోనే. మనలో చాలామంది బెంగుళూరు ఉద్యోగమునకు మొదటి మెట్టు అక్కడే ఉన్నది.

అయితే అంతా తీపి కాదు. మహాకవి జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. గుంటూరులో లూథరన్ మిషను ఉపాధ్యాయ శిక్షణాలయములో తెలుగు బోధించాడు. (మా శిక్షణ రోజులలో ఈ సంగతి గొప్పగా చెప్పుకొనేవాళ్ళము.) చిన్ననాడు కులము పేరిట పడిన అవమానములు ఆయన కవిత్వములో చివరివరకు మండుతూనే ఉన్నాయి. నా చిన్నతనములో ఒక టీకొట్టులో మా నాయనగారికి వేరే గ్లాసు ఇచ్చేవారు. త్రాగి ఆయనే కడిగి పెట్టేవారు. అదే ఊరిలో నాకు అక్షరములు దిద్దించిన పంతులమ్మగారూ ఉన్నారు. ఆమెను తలచుకొనేటప్పుడు ఆ గ్లాసును మరువమని నన్నెవరూ అడుగరాదు.

ఇక్కడ "మీదే ఊరండీ?" అని ఎవరైనా అడిగితే "విజయవాడ దగ్గర" అని దాటవేసేవారిని ఎరుగుదును. ఊరు చెప్పగానే రెండవ ప్రశ్న "ఏ పేట?" అని వస్తుంది. అది దేనికొరకు అడిగే ప్రశ్నో మనకందరికీ తెలుసు. కనుక దాచినవారిని నేను గద్దించను. కానీ మన పిల్లల దగ్గర కూడా దాచుతున్నాము. అది నాకు బాధ. నాయనమ్మ ఇంటిని ఏసీ లేని గదిగా తప్ప ఎరుగని పిల్లలు మన సండేస్కూలులో ఉన్నారు.

తెలిసినదాని నుండి తెలియనిదానికి నడిపించమని ఉపాధ్యాయ శిక్షణలో నేర్పుతారు. పిల్లలకు తెలిసినది హెచ్‌ఎస్‌ఆరే గనుక అక్కడే మొదలుపెట్టండి. సాయంకాలము అగర చెరువు కట్టమీద నడిపించి, ఈ సెక్టార్లు రాకముందు ఇక్కడ అగర, హరళుకుంటె వంటి పల్లెలు ఉండేవని చెప్పండి. ఆ పల్లెలలో పెరిగినవారు తమ పొలములను మన అపార్ట్‌మెంట్ల క్రింద వెదకుకోవాలి. మనకు కనీసము బస్సెక్కి వెళ్ళడానికి ఒక ఊరున్నది.

ఊరికి వెళ్ళినప్పుడు కారు ఇంటివద్దనే ఉంచి, మీరు చదివిన బడికి పిల్లవానితో నడిచి వెళ్ళండి. దారిలో ప్రసంగము చేయవద్దు. హాస్టలులో వండిపెట్టిన అవ్వ బ్రతికి ఉంటే ఆమె ఇంటికి తీసుకొని వెళ్ళండి. "ఒరే, చిన్నోడా" అని ఆమె మిమ్మును పిలవడము మీ బిడ్డ వినాలి. టీకొట్టు సంగతి కూడా చెప్పండి, పదేళ్ళు దాటిన పిల్లలు దానిని అర్థము చేసుకొంటారు.

గృహకూటములలో చర్చకు:

లూకా 4:16లో చెప్పిన వాడుక వంటిది మీకు ఏ ఊరిలో, ఎవరి వలన అలవడింది?

"ఏ పేట?" అని మీ బిడ్డను ఎవరైనా అడిగితే ఏమి చెప్పమంటారు? భార్యాభర్తలు ముందుగా ఇంటివద్ద మాట్లాడుకొని రండి.

మీకు అక్షరములు దిద్దించినవారి పేరు ఒక కాగితముపై వ్రాసి తీసుకొని రండి. వారు బ్రతికి ఉంటే ఇప్పుడెక్కడ ఉన్నారో కూడా కనుక్కొని వ్రాయండి.