విద్యానిధి, ఆ తరువాతి కొలువు



ప్రభుత్వ ధనంతో విదేశాల్లో చదివినవారి ఉద్యోగ జీవితం ఎలా సాగిందో తెలుసుకోగోరే నందిపేట్ విద్యార్థి దూరం పోనక్కరలేదు. బోధన్, నిజామాబాద్ ప్రాంతాల చెరకు తోటలకూ వరి మడులకూ నీరు పారించిన నిజాంసాగర్ కాలువే అందుకు సాక్ష్యం. మంజీర నదిపై నిజాంసాగర్ ఆనకట్టకు రూపకల్పన చేసిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ 1896లో హైదరాబాద్ ప్రభుత్వ ఉపకారవేతనంపై ఇంగ్లండ్ వెళ్లి, భారతదేశంలో రోడ్లు, కాలువలు, కట్టడాలు చూసే ప్రజాపనుల శాఖకు ఇంజనీర్లను తయారుచేసేందుకే వెలసిన కూపర్స్ హిల్ కళాశాలలో చదివి, 1899లో తిరిగి వచ్చి హైదరాబాద్ రాజ్యంలోని అదే శాఖలో సహాయ ఇంజనీరుగా చేరి, కాలక్రమంలో చీఫ్ ఇంజనీరయ్యారు. 1923లో మొదలైన నిజాంసాగర్ పని 1931లో ముగిసింది. ఆ నీటి భరోసాతో చెరకు సాగు పెరగగా 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది.

ఇదంతా ఆయన ప్రతిభ ఒక్కదాని ఫలమే అనుకుంటే అది సగం నిజమే. చదువుకు పంపిన ప్రభుత్వం చేతిలోనే ఆ చదువుకు తగిన శాఖ, హోదా, కట్టవలసిన ప్రాజెక్టులు ఉన్నాయి. అయితే కొలువు సిద్ధంగా ఉన్నంత మాత్రాన సరిపోదని, నేటి తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి ఎవరి పేరిట నడుస్తున్నదో ఆ అంబేద్కర్ అనుభవమే చెబుతుంది: 1913లో బరోడా సంస్థానపు ఉపకారవేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లిన ఆయన, పదేళ్లు సంస్థానంలో పనిచేయాలన్న ఒప్పందం మేరకు 1917లో బరోడా చేరితే, కులం కారణంగా అద్దెకు గది సైతం నిలవక కొద్దికాలానికే ఊరు విడవవలసి వచ్చింది. సంస్థానం కొలువైతే ఇచ్చింది, తలదాచుకునే చోటు ఇవ్వలేకపోయింది.

తెలంగాణ ప్రభుత్వపు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, కుటుంబ వార్షికాదాయం 5 లక్షలు మించని ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల విదేశీ పీజీకి 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది గానీ, తిరిగి వచ్చాక చేరేందుకు కొలువేదీ చూపదు; కనుక కోర్సు ఎంచుకునే రోజే ఉద్యోగాన్నీ ఎంచుకున్నట్లు. చక్కెర సాంకేతికత చదవదలచిన బోధన్ విద్యార్థి, 2015లో మూతపడిన ఆ ఫ్యాక్టరీ గేటును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పైగా ఆ నిధి ఒక్కసారిగా చేతికి రాదు; సగం ఆ దేశంలో దిగినట్లు రుజువు పంపాక, మిగతా సగం మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక జమవుతుంది. వీసాకు చూపే సొమ్ము, మొదటి ఫీజు అంతకు ముందే కావాలి గనుక బ్యాంకు రుణమో, ఊళ్లో అప్పో తప్పకపోవచ్చు. దాన్ని తీర్చే తొందరలో చదివిన విద్యకు పొంతన లేని పనిలో చేరి అక్కడే ఉండిపోవలసి రావచ్చు. విద్యార్థి ఇంట్లోవారితో కూర్చుని దరఖాస్తుకు ముందే వేయవలసింది ఈ మిత్తి లెక్కే.