ఇంటర్ తర్వాత లా: తగాదా తీర్చే చదువు



మన సంఘానికి వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే పని మాలాంటి ఉపాధ్యాయుల మీద పెట్టారు. ఆ కట్టలో ఇంజినీరింగ్ ఉంటుంది, ఫార్మసీ ఉంటుంది, నర్సింగ్ ఉంటుంది. లా కోర్సు దరఖాస్తు మాత్రం అరుదు. వచ్చినా, “వకీలు చదువుకు మన డబ్బు ఎందుకు, తగాదాలు పెంచడానికా?” అని దాతల్లో కొందరు అడుగుతారు. వారి ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే లా కాలేజీలో నిజంగా ఏం నేర్పుతారో చూశాక ఆ మాట నిలుస్తుందా లేదా అన్నది దాతలే తేల్చుకోవాలని ఈ వ్యాసం.

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ఇది ఎవరి ఇల్లూ కాదు, పాఠం కోసం మేము కట్టిన ఇల్లు. కింద దుకాణం, పైన కాపురం. వెల 40 లక్షలు. తండ్రి చనిపోయారు. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. “అబ్బా బతికుండగానే దుకాణం నాకు హిబా చేశారు” అంటాడు పెద్దబ్బాయి. “పై అంతస్తు నేను దుబాయ్ నుంచి పంపిన పైసలతో లేచింది” అంటాడు చిన్నబ్బాయి. కూతురు ఏమీ అనడం లేదు. తల్లి ఎవరి దగ్గర ఉండాలో తెలియక ఏడుస్తోంది. ఇలాంటి ఇల్లు తెలియని పాఠకులు మనలో తక్కువే.

ఇప్పుడు ఈ ఇంటిని లా కాలేజీ తరగతి గదుల్లోకి తీసుకెళ్దాం.

కుటుంబ చట్టం తరగతిలో మొదటి ప్రశ్న వాటాలది. అప్పులు, వసీయత్ ఏవీ లేవనుకుంటే, పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. లెక్క వేస్తే తల్లికి 5 లక్షలు, కొడుకులకు 14 చొప్పున, కూతురికి 7. కూడితే 40. ఎనిమిదో తరగతి భిన్నాలు వచ్చిన పిల్ల చేయగల లెక్క ఇది. అయినా ఎన్ని ఇళ్లలో కూతురి ఏడు లక్షలు లెక్కలోకే రావు! తండ్రి బతికుండగా “నాకేమీ వద్దు” అని ఆమె చేత రాయించుకున్నా, రాబోయే వాటాను ముందే వదులుకోవడం మన వారసత్వ చట్టంలో సాధారణంగా చెల్లదని ఇదే తరగతిలో నేర్పుతారు.

ఆస్తి చట్టం తరగతిలో హిబా వస్తుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882 ప్రకారం స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ కావాలి. కానీ ముస్లిం చట్టం ప్రకారం చేసే దానాన్ని అదే చట్టంలోని 129వ సెక్షన్ ఆ నియమం నుంచి మినహాయించింది. ఇచ్చే వారు స్పష్టంగా ప్రకటించాలి, తీసుకునే వారు అంగీకరించాలి, స్వాధీనం అప్పగించాలి. ఈ మూడూ ఉంటే నోటిమాట కూడా నిలుస్తుంది. విశాఖపట్నంలో 1968లో ఒక తండ్రి రిజిస్టరు కాని కాగితం మీద ఒక కొడుక్కి హిబా రాశారు. తోబుట్టువుల మధ్య వ్యాజ్యం నడిచింది. కింది కోర్టు హిబా చెల్లుతుందంది, హైకోర్టు చెల్లదంది, చివరికి సుప్రీంకోర్టు 2011లో చెల్లుతుందని తేల్చింది. హిబా నుంచి ఆఖరి తీర్పుకు 43 ఏళ్లు. చట్టం పుస్తకంలో అది రెండు పేజీల కేసు. ఆ ఇంట్లో అది ఒక తరం జీవితం.

సాక్ష్య చట్టం తరగతి ఇంకో ప్రశ్న వేస్తుంది. హిబా జరిగిందని ఎవరు చూశారు? కరెంటు మీటరు ఎవరి పేర ఉంది, ఇంటి పన్ను రసీదు ఎవరిది, తండ్రి బతికుండగా గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చున్నారు? 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. పేరు మారినా ఈ ప్రశ్నలు మారలేదు.

ఇక మన పెద్దమనుషులు ఎక్కువగా దెబ్బతినేది పత్రాల రచన నేర్పే తరగతిలో. పంచాయితీలో కూర్చుని, అందరినీ ఒప్పించి, తెల్ల కాగితం మీద పంపకం రాసి సంతకాలు పెట్టిస్తారు. కొన్నేళ్లకు కోర్టులో ఆ కాగితం పక్కన పెట్టేస్తారు. కారణం చాలాసార్లు ఒకే వాక్యం. “ఇదివరకే నోటిమాటగా పంచుకున్నాం, జ్ఞాపకార్థం రాసుకుంటున్నాం” అని ఉంటే అది ఒక రకం కాగితం. “ఈ పత్రం ద్వారా పంచుకుంటున్నాం” అని ఉంటే ఆ కాగితమే హక్కు పుట్టిస్తోంది కాబట్టి రిజిస్ట్రేషన్ కావాలి. కూతురు తన వాటా వదులుకుంటే దానికీ రిజిస్టరైన హక్కు విడుదల పత్రం ఉండాలి. పెద్దల నీతిలో లోపం లేదు, రాతలో ఉంది.

ఇక్కడ దాతలు ఆగి చదవాల్సిన పేపరు ఒకటుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాల ప్రకారం కోర్టు బయట వివాద పరిష్కారం అనే పేపరు ప్రతి లా విద్యార్థికీ తప్పనిసరి. 2020లో మీడియేషన్‌ను కూడా తప్పనిసరి పాఠంగా పెట్టమని కౌన్సిల్ విశ్వవిద్యాలయాలకు చెప్పింది. తగాదాలు పెంచే చదువు అనుకున్నదాంట్లోనే తగాదా తీర్చే పాఠం ఉందన్నమాట.

అందులో ముఖ్యంగా మూడు దారులు నేర్పుతారు. ఆర్బిట్రేషన్‌లో ఇరుపక్షాలు ఒప్పుకున్న వ్యక్తి తీర్పు చెబుతాడు. 1996 చట్టం దీనికి ఆధారం. మీడియేషన్‌లో మధ్యవర్తి తీర్పు చెప్పడు, ఇద్దరూ తమంతట తాము ఒప్పందానికి వచ్చేలా మాట్లాడిస్తాడు. మూడోది లోక్ అదాలత్. న్యాయ సేవల చట్టం, 1987 కింద అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. కోర్టులో ఉన్న కేసు అలా రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. సివిల్ కోర్టు కూడా సి.పి.సి. 89వ సెక్షన్ కింద కేసును ఈ దారుల్లోకి పంపవచ్చు.

మీడియేషన్ తరగతి మాలాంటి బడి పంతుళ్లకు బాగా అర్థమయ్యే పద్ధతిలో సాగుతుంది. పిల్లలకు పాత్రలు ఇస్తారు. ఒకరు పెద్దకొడుకు, ఒకరు చిన్నకొడుకు, ఒకరు కూతురు, ఒకరు మధ్యవర్తి. అందరినీ కలిపి కూర్చోబెట్టి ఒకసారి, విడివిడిగా ఒకసారి మాట్లాడాలి. విడిగా చెప్పిన మాట వారి అనుమతి లేకుండా అవతలివారికి చేరకూడదు. విడిగా అడిగినప్పుడే అసలు సంగతి బయటికి వస్తుంది. పెద్దబ్బాయికి కావలసింది గోడలు కాదు, పదేళ్లుగా కట్టుకున్న గిరాకీ. చిన్నవాడికి కావలసింది పై అంతస్తు తన కష్టమని ఎవరో ఒకరు ఒప్పుకోవడం. కూతురు మౌనం అంగీకారం కాదు, పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయం. అన్నదమ్ముల ముందు ఆమెను అడిగితే “మీ ఇష్టం” అంటుంది. ఒక్కర్తినీ కూర్చోబెట్టి అడగడం తెలిసినవాడే మధ్యవర్తి. ఈ పనికి ఆడపిల్లలు లా చదవడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

దంపతుల మధ్య చీలిక వస్తే ఆయన వైపు నుంచి ఒకరు, ఆమె వైపు నుంచి ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలన్నది సూరె నిసా 35వ ఆయత్ చూపిన దారి. తలాక్‌కు సహేతుకమైన కారణం ఉండాలని, దానికి ముందు ఇరువైపులా మధ్యవర్తులతో రాజీ ప్రయత్నం జరగాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పిన తీర్పును లా విద్యార్థులు చదువుతారు. 2014 తీర్పూ చదువుతారు: దారుల్ ఖజాలో చెప్పిన మాట ఇష్టపడి పాటించవచ్చు, బలవంతంగా అమలు చేయించడానికి చట్టబలం లేదు. మన జమాత్ పెద్దలకు ఈ రెండూ తెలిసి ఉండటం మంచిది. మీడియేషన్ చట్టం, 2023 కూడా ఒక ప్రాంతంలోని శాంతికి సంబంధించిన వివాదాలకు ముగ్గురు సభ్యుల సామాజిక మీడియేషన్‌కు చోటిచ్చింది. కానీ ఆ ఒప్పందం కోర్టు డిక్రీలా అమలు కాదని అందులోనే రాసి ఉంది. ఏ కాగితానికి ఎంత బలముందో చెప్పగల పిల్లో పిల్లవాడో పక్కన ఉంటే పెద్దల మాటకు విలువ పెరుగుతుంది.

ఇక చేరే దారి. ఇంటర్ ఏ గ్రూపైనా ఫరవాలేదు. జనరల్‌కు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. కోర్సు అయిదేళ్లు, 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. శామీర్‌పేటలోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం వంటి జాతీయ సంస్థలకు క్లాట్ రాయాలి. అది డిసెంబరులో, ఇంగ్లిషులోనే, తప్పు జవాబుకు పావు మార్కు కోతతో ఉంటుంది. అక్కడ ఫీజు ఏడాదికి లక్షల్లో. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు లాసెట్. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, మైనస్ మార్కులు లేవు. దూరవిద్యలో ఎల్‌ఎల్‌.బి. ఇస్తామనేవారికి డబ్బు కట్టవద్దు. దానితో వకీలుగా నమోదు కాలేరు.

ఇప్పుడు అసలు విన్నపం. ఇంజినీరింగ్ పిల్లవాడికి నాలుగేళ్ల ఫీజు ఇస్తే మన బాధ్యత దాదాపు తీరుతుంది. లాలో కష్టకాలం పట్టా చేతికొచ్చాక మొదలవుతుంది. నమోదు ఫీజు భారం తగ్గింది. చట్టంలో ఉన్న 750 రూపాయల కన్నా ఎక్కువ తీసుకోరాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. కానీ జూనియర్‌గా చేరిన కొత్తలో చేతికొచ్చేది చాలాచోట్ల బస్సు ఖర్చులకే సరిపోతుంది. పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. సూచనే, ఆజ్ఞ కాదు. పైగా జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తిరిగి నియమం పెట్టింది. ఉన్నవాళ్ల పిల్లలకు ఆ మూడేళ్లు అనుభవం. ఆటో నడిపే తండ్రి బిడ్డకు అవి ఇంటి అద్దె కట్టలేని ముప్పై ఆరు నెలలు. చాలామంది అక్కడే కోటు మడిచిపెట్టి ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతారు.

కాబట్టి లా విద్యార్థికి సాయం ఇస్తే ఎనిమిదేళ్ల లెక్కతో ఇవ్వాలని మా అభిప్రాయం. ఇద్దరికి అయిదేళ్లు ఇచ్చి వదిలేయడం కన్నా ఒకరికి ఎనిమిదేళ్లు ఇవ్వడం మేలు. ఆ చివరి మూడేళ్లు నెలనెలా చిన్న మొత్తం చాలు. బదులుగా వారు వారానికి ఒక పూట సంఘం కార్యాలయంలో కూర్చుని వచ్చినవారి కాగితాలు చూసిపెట్టవచ్చు. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా, ఎవరికి వాడవచ్చా అన్నది ఉలమాను అడిగి నిర్ణయించాలి. మిగతా విరాళాలకు ఆ చిక్కు లేదు.

ఇంటర్ రెండో ఏడు చదువుతున్న పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. బీసీ-ఇ కిందికి వచ్చే కుటుంబాలు కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీసి పెట్టుకోండి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. షేక్ ఒకచోట, ఎస్.కె. ఒకచోట ఉంటే కౌన్సెలింగ్ రోజున ఇబ్బంది. సరిచేయించడంలో సాయం కావాలంటే కాగితాల నకళ్లతో సంఘం కార్యాలయానికి రండి, మేము చూస్తాం.