ఎక్కే గేరు

కలకత్తా బెంటింక్ స్ట్రీట్‌లో సైకిలు దుకాణాలు వరసగా ఉంటాయి. గేర్ల సైకిలు కొనడానికి వచ్చిన కుర్రాళ్లలో ఎక్కువమంది ముందు అడిగేది "ఎంత స్పీడు పోతుంది?" అని. ఒక రోజు నా పక్కన నిలబడ్డ నడివయసు మనిషి మాత్రం వంగి, వెనక చక్రం దగ్గర వేలు పెట్టి, అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రానికి ఎన్ని పళ్లున్నాయో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది వచ్చాయి. తల అడ్డంగా ఊపాడు. "నాకు స్పీడు వద్దు దాదా, ఎక్కే గేరు కావాలి" అన్నాడు దుకాణదారుతో. వచ్చే వేసవిలో స్విట్జర్లాండ్‌లో రోన్ నది లోయ వెంట సైకిలు మీద వెళ్లాలని ఆయన కోరిక. సామానంతా సైకిలు మీదే.

ఆ మాట నన్ను వదల్లేదు. మనం ఏ పని మొదలుపెట్టినా పరిగెత్తే గేరే చూసుకుంటాం. ఎక్కే గేరు ఉందా అని ఎవరం చూసుకుంటాం?

విషయం సూటిగా చెప్తాను. మన మామూలు సైకిలుకు ముందు చెయిన్ వీల్‌కు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉంటాయి. పెడలు ఒక్క చుట్టు తిప్పితే చక్రం సుమారు రెండున్నర చుట్లు తిరుగుతుంది, సైకిలు అయిదు మీటర్లకు పైగా పోతుంది. సముద్రమట్టానికి 9 మీటర్ల ఎత్తున్న కలకత్తాకి అది చాలు. అదే ముందు 32, వెనక 32 పెడితే పెడలు చుట్టుకు చక్రం ఒక్కటే చుట్టు. సైకిలు పోయేది రెండు మీటర్లకు కాస్త పైన. పక్కన నెమ్మదిగా పరిగెత్తేవాడు మనతో పాటే రాగలడు. కానీ మోకాలు అరగదు, ఊపిరి తెగదు, పదిహేను కిలోల సామానుతో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఎక్కుతూనే ఉండొచ్చు. పరిగెత్తే గేరులో వీరావేశంగా ఎక్కినవాడు రెండో మలుపు దగ్గర రాతి మీద కూర్చుని ఉంటాడు.

రోన్ లోయ దారి ఎలాంటిదో వింటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఆండర్‌మాట్ నుంచి బయల్దేరితే రియాల్ప్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడినుంచి ఫుర్కా కనుమ దాకా సుమారు 12 కిలోమీటర్లలో దాదాపు 900 మీటర్లు ఎక్కాలి. కనుమ ఎత్తు 2,429 మీటర్లు. అవతల దిగితే రోన్ హిమానీనదం, అక్కడ పుట్టిన నది. ఇక ఆ నది పక్కనే బ్రిగ్, సియోన్, మార్తిన్యీ మీదుగా జెనీవా సరస్సు దాకా పోవచ్చు. కనుమ ఎక్కలేననుకున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. రియాల్ప్ నుంచి ఓబర్‌వాల్డ్‌కి కొండ కింద సొరంగం ఉంది, 15 కిలోమీటర్ల పైచిలుకు, 1982లో తెరిచారు. అందులో రైలు పోతుంది. సైకిలు రైల్లో పెట్టి అవతల దిగి తొక్కుకుంటూ పోయేవాళ్లు బోలెడుమంది. వాళ్లెవరూ ఓడిపోయినవాళ్లు కారు. వాళ్లు లోయ చూడ్డానికి వచ్చారు, లోయ చూస్తారు. మీరు దేనికి వచ్చారో ముందు తేల్చుకోండి. కనుమకే వచ్చారా, లోయకు వచ్చారా? చదువులోనూ అంతే. గ్రూప్స్ పరీక్షకు కూర్చునేవాడు తొలి నెలలోనే అన్నిటికంటే కష్టమైన పుస్తకంతో కుస్తీ పట్టి, మిగతా సిలబస్ ముట్టుకోకుండానే అలిసిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

అసలు పరీక్ష మాత్రం కనుమ దగ్గర కాదు. బ్రిగ్ నుంచి మార్తిన్యీ దాకా 80 కిలోమీటర్ల పైన ఉంటుంది, వాలు 200 మీటర్లే. పటం చూస్తే హాయిగా జారిపోవచ్చనిపిస్తుంది. మధ్యాహ్నానికి లోయ రెండు వైపులా కొండచరియలు కాగుతాయి, వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి కింద సరస్సు వైపునుంచి గాలి తోసుకొస్తుంది. నది దిగువకి పోతుంటే గాలి ఎగువకి వీస్తుంది. మీరేమో నదితో పోతున్నారు. వాలులో ఉండి కూడా కొండ ఎక్కుతున్నట్టు తొక్కాలి. తెలిసినవాళ్లు తెల్లారగానే బయల్దేరి, గాలి లేచేసరికి ఏ సాక్సోన్ ఊరి ఆప్రికాట్ తోటల పక్కనో ఆగిపోతారు.

ఉద్యోగం వచ్చేదాకా కష్టపడి, వచ్చాక "ఇక దిగుడే" అనుకున్న పిల్లలకు నేను ఈ గాలి గురించి చెప్తుంటాను. కష్టమని తెలిసినచోట మనం సిద్ధంగా ఉంటాం. సుఖమనుకున్నచోట ఎదురుగాలి కొడితే మనసు విరుగుతుంది. చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. అక్కడ కూడా గేరు దించండి. వేగం తగ్గినా సరే, కాళ్లు అదే లయలో తిరగాలి. నిమిషానికి డెబ్బై చుట్లు అనుకుంటే కొండైనా గాలైనా డెబ్బయ్యే. మారాల్సింది గేరు, లయ కాదు. మంచి రోజు ఆరు గంటలు చదివేవాడు చెడ్డ రోజు అదే వేళకు అదే కుర్చీలో కూర్చుని అరగంట చదివితే చాలు. ఆ అరగంటే ఎక్కే గేరు.

ఈ గేరు వేసుకోవడానికి మనకు అడ్డమొచ్చేది నామోషీ. అది కొత్తది కాదు. టూర్ ద ఫ్రాన్స్ పోటీ మొదలుపెట్టిన ఆంరీ దెగ్రాంజ్‌కి గేర్లంటే గిట్టేది కాదు. నలభై అయిదు దాటినవాళ్లకే అవి కావాలని ఆయన ఉద్దేశం. అందుకని ఆ పోటీలో ఆల్ప్స్ కొండల అడుగుకు వచ్చినవాళ్లు సైకిలు దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపున్న పెద్ద పళ్ల చక్రం చెయినుకి అందేలా తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్లు. పక్కనుంచి పోటీదారులు దాటిపోతున్నా దిగేవాళ్లు. పైకి చేరాక మళ్లీ అదే పని. ఆయన తప్పుకున్నాక, 1937లో గాని అక్కడ గేరు మార్చే సాధనాన్ని అనుమతించలేదు.

ఆ 1937లోనే కలకత్తా కుర్రాడొకడు ఇంటికి తిరిగొచ్చాడు. బిమల్ ముఖర్జీ. 1926 డిసెంబరు 12న టౌన్ హాలు దగ్గర మరో ముగ్గురు స్నేహితులతో సైకిలెక్కి ప్రపంచం చుట్టడానికి బయల్దేరాడు. ముగ్గురూ దారిలో విడిపోయారు. ఇతను అరేబియా, ఐరోపా, అమెరికా, జపాన్ చుట్టుకుని పదకొండేళ్లకు వచ్చాడు. ఇటలీ, స్విట్జర్లాండ్ కూడా ఆ దారిలోవే. జేబులో ప్రపంచానికి సరిపడా డబ్బు లేదు. అయిపోయినచోట ఆగి, చేపల పడవ మీదో పాల క్షేత్రంలోనో దొరికిన పని చేసి, కూడబెట్టుకుని మళ్లీ బయల్దేరేవాడు. అతని ఎక్కే గేరు అది. అన్నేళ్లూ అతని వయసువాళ్లు ఇక్కడ ఉద్యోగాల్లో కుదురుకుని, పెళ్లిళ్లు చేసుకుని, ఇళ్లు కట్టుకుంటూ ఉంటారు కదా. ఎక్కడో మంచు దేశంలో చేపల వాసన మధ్య పని చేస్తూ తను వెనకబడ్డానని అనుకుని ఉంటే కథ అక్కడే అయిపోయేది. ఆ ప్రయాణం "దు చాకాయ్ దునియా" అనే పుస్తకంగా వచ్చింది 1986లో, తిరిగొచ్చిన దాదాపు యాభై ఏళ్లకు. రాయడానికి కూడా అతను తొందరపడలేదు. నాకు ఆ మనిషిలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఇవన్నీ నాకు చదివితే రాలేదు, మోకాలు చెప్పింది. మొదటిసారి డైమండ్ హార్బర్ దాకా వెళ్లినప్పుడు ఏప్రిల్. 50 కిలోమీటర్ల దారి, దక్షిణపు గాలి ఎదురు. మోటారు సైకిళ్ల మీద పోయేవాళ్లు చూస్తున్నారని పరిగెత్తే గేరు వదల్లేదు. ఊరు దగ్గరపడ్డాక నది గట్టు ఎక్కుతుంటే కుడి మోకాలు పట్టేసింది. గట్టు మధ్యలో ఆగిపోయి నిలబడ్డాను. అప్పుడు యూనిఫాంలో ఉన్న ఒక బడిపిల్ల నా వెనక వచ్చింది, క్యారియర్ మీద చెల్లెలు. బెంగాల్లో 2015 నుంచి బడిపిల్లలకు ప్రభుత్వం ఇస్తున్న సబూజ్ సాథీ సైకిలు అది. వాలు మొదలవగానే ఆ పిల్ల దిగింది, చెల్లెలు కూడా దూకింది. ఒకరు హ్యాండిల్ పట్టుకుని, ఒకరు వెనకనుంచి తోస్తూ, ఏదో లెక్క గురించి మాట్లాడుకుంటూ గట్టెక్కారు. మాట ఆగలేదు. పైకి చేరాక ఎక్కి వెళ్లిపోయారు. ఎవరైనా చూస్తున్నారా అని ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు. నాకు పది రోజులు మెట్లు దిగడం కష్టమైంది.

కొండల్లేని ఊళ్లో కొండలకు ఎలా తయారవ్వాలని బెంటింక్ స్ట్రీట్ పెద్దమనిషి అడిగాడు. గాలి ఉంది కదా, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దక్షిణంగా తొక్కండి, వారానికి రెండు కిలోల చొప్పున సామాను పెంచండి, సాయంత్రం వాయవ్యాన మబ్బు పడితే కాలబైశాఖి గాలివాన వచ్చేలోపు ఎక్కడైనా నీడ చూసుకోండి అన్నాను. నగరంలో చాలా రోడ్ల మీద సైకిళ్లకు అనుమతి లేదు కాబట్టి ముందు రోజే దారి చూసుకుని పెట్టుకోమన్నాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. తర్వాత దుకాణదారు లోపల్నించి ఇంకో ఫ్రీవీల్ తెచ్చాడు. ఆయన మళ్లీ వంగి వేలుతో లెక్కపెట్టాడు. ముప్పై నాలుగు.

"దీన్ని బిగించండి" అన్నాడు.