వెనక సీటు వెనక: పాత హైబ్రిడ్ కారు నేర్పిన పాఠాలు

రైల్వేలో నా కొలువంతా బ్యాటరీలతోనే గడిచింది. కాకినాడలో ట్రైన్ లైటింగ్ సెక్షను. పెట్టె కింద గూళ్లలోని సెల్లుల్లో డిస్టిల్డ్ వాటర్ పోయడం, హైడ్రోమీటరు ముంచి గ్రావిటీ చూడడం, 110 వోల్టులు వస్తున్నాయో లేదో రిజిస్టర్లో రాయడం. అందుకే 2018లో మా పెద్దాడు అమెరికా వెళ్తూ తన 2014 మోడల్ టొయోటా క్యామ్రీ హైబ్రిడ్‌ని రాజమండ్రిలో మా వాకిట్లో వదిలి, "బ్యాటరీ సంగతి నీకు చెప్పక్కర్లేదు కదా నాన్నా" అంటే నవ్వి ఊరుకున్నాను. చెప్పించుకోవాల్సింది. ఈ ఏడెనిమిదేళ్లలో డబ్బు పోసి నేర్చుకున్నవి ఇవి. హైబ్రిడ్ కారు పాతబడ్డవాళ్లకి పనికొస్తాయి.

1. పోయింది ఏ బ్యాటరీయో ముందు తేల్చుకోండి.

ఈ కారులో రెండున్నాయి. డిక్కీలో, అన్ని కార్లకీ ఉండే 12 వోల్టులది. వెనక సీటు వెనక 244.8 వోల్టులది, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. చిన్నది నీరసపడినా డాష్‌బోర్డు మీద దీపావళి దీపాలన్నీ ఒక్కసారే వెలుగుతాయి. 2021లో ఓ పొద్దున అదే జరిగింది. ఒక వర్క్‌షాపు కుర్రాడు బానెట్టు కూడా ఎత్తకుండానే "పెద్ద బ్యాటరీ పోయిందండి, లక్షల్లో అవుద్దండి" అన్నాడు. ఇంటికొచ్చి పాత మల్టీమీటరు దులిపి చూస్తే చిన్న బ్యాటరీ 11.4 దగ్గర మూలుగుతోంది. దాన్ని మార్చాను. పెద్దది ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు నడిచింది. ఒక్క మాట: డిక్కీలో ఉండే బ్యాటరీకి గ్యాసు బయటికి పోయే గొట్టం ఉంటుంది. ధర తక్కువని ఏదిపడితే అది పెట్టించకండి.

2. ఫ్యాను తుడవండి.

పెద్ద బ్యాటరీ చల్లబడేది కారు లోపలి గాలితోనే. వెనక సీటు దగ్గర జాలీ ఉంటుంది, దాని వెనక చిన్న ఫ్యాను. మా ఆవిడకి మొక్కల పిచ్చి. నెలకోసారి కడియపులంక నర్సరీలకి వెళ్లి మొక్కలూ, కోకోపీట్ బస్తాలూ వెనక సీట్లో వేయించుకొచ్చేది. అంబాజీపేటలో చుట్టాలు పెట్టిన కొబ్బరికాయలు సరేసరి. 2022 వేసవిలో పెట్రోలు తాగుడు పెరిగి, సీటు వెనక ఫ్యాను రొద పెట్టడం మొదలెట్టింది. విప్పిస్తే లోపల కొబ్బరి పీచు పొట్టు పిచ్చుక గూడులా పేరుకుని ఉంది. ఊపిరాడక బ్యాటరీ ఉడికిపోతోంది. నికెల్ బ్యాటరీకి వేడిని మించిన శత్రువు లేదు, మన రోహిణి కార్తె సంగతి తెలిసిందే. జాలీకి బట్టలూ సంచులూ అడ్డం పెట్టకూడదు. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే అద్దాలు దించి, ఏసీ వేసి కాస్త చల్లబడనిచ్చి కదలాలి. చెట్టు నీడ దొరికితే నాలుగడుగులు ఎక్కువ నడిచినా పరవాలేదు.

3. లెడ్ యాసిడ్ బుద్ధి ఇక్కడ పనికిరాదు.

ఇది నా అహంకారానికి పడ్డ దెబ్బ. మా రైలు సెల్లుకి నిండా చార్జింగే ఆరోగ్యం. ఈ కారు కంప్యూటరు మాత్రం బ్యాటరీని ఎప్పుడూ నడిమధ్యన, సుమారు 40 నుంచి 80 శాతం లోపే తిప్పుతుంది. నిండనివ్వదు, అడుగంటనివ్వదు. ఆయుష్షు కోసమే ఆ కట్టడి. మొదటి ఏడాదంతా "ఫుల్ అవడం లేదేవిటి" అని నేను గొణుక్కున్నది అనవసరం.

కదలకుండా ఉంచడం దానికి పడదు. మనవణ్ణి చూడ్డానికి వెళ్లి ఆరు నెలలుండి వచ్చేసరికి చిన్న బ్యాటరీ పూర్తిగా చచ్చింది, పెద్దది సగం చచ్చింది. ఊరెళ్లేవాళ్లు తాళాలు నమ్మకమైనవాళ్లకి ఇచ్చి, నెలకోసారైనా రెడీ దీపం వెలిగించి ఓ అరగంట నడపమనండి.

4. మారేడుమిల్లి తీసుకెళ్లండి.

మన డెల్టాలో ఎత్తంటే గోదావరి వంతెనల అప్రోచ్, లేదంటే కాలవ గట్టు. చదును రోడ్డు మీద ముసలి బ్యాటరీ కూడా పడుచుదానిలా నటిస్తుంది. నిజం బయటపడాలంటే గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాటి చింతూరు ఘాట్‌లో ఎక్కి దిగాలి. దిగేటప్పుడు బ్రేకు వేసినకొద్దీ బ్యాటరీ నిండుతుంది. 2019లో మీటరు గీతలు నింపడానికి ఘాట్ చాలా దూరం దిగాల్సొచ్చేది. 2024 దసరాకి వెళ్తే నాలుగు మలుపుల్లో నిండింది. సంబరపడేలోపు, ఎక్కుడు రాగానే అంతే తొందరగా ఖాళీ అయింది. తొందరగా నిండి తొందరగా ఖాళీ అవుతోందంటే కుండ చిన్నదైపోయిందని అర్థం. అడుగున మట్టి పేరుకున్న చెరువు ఒక్క వానకి నిండుతుంది, మాఘమాసానికే ఎండుతుంది. ఇదీ అంతే.

తిరిగొచ్చాక స్కానర్ పెట్టించాను. ఈ బండిలో 34 మాడ్యూళ్లని జతలుగా 17 బ్లాకులు చేసి కంప్యూటరు కనిపెడుతుంటుంది. కారు నిలబెట్టి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏసీ వేసి లోడు మీద చూస్తే రెండు బ్లాకులు మిగతావాటికన్నా బాగా పడిపోతున్నాయి. పరీక్షంటే లోడు మీద చేసేదే. పెద్ద బ్యాటరీ చెడిందని చెప్పే పి0ఏ80 కోడు పడ్డా, ఏ బ్లాకు ఎంత పడిందో కాగితం మీద రాయించుకున్నాకే తర్వాతి మాట మాట్లాడండి.

5. పెట్రోలు మిగులుతుందని మార్చకండి.

బంకుకి వెళ్లిన ప్రతిసారీ డైరీలో లీటర్లు, కిలోమీటర్లు రాయడం రైల్వే ఇచ్చిన జబ్బు. లీటరుకి 18 ఇచ్చే కారు 14కి దిగింది. నా తిరుగుడు ఏడాదికి 10,000 కిలోమీటర్లు. 18 చొప్పున 556 లీటర్లు, 14 చొప్పున 714 లీటర్లు. తేడా 158 లీటర్లు. లీటరు 109 రూపాయలనుకున్నా ఏడాదికి 17,000 పైచిలుకు. లక్షలు పోసి కొన్న బ్యాటరీ ఈ లెక్కన ఎప్పటికి గిట్టుబాటవుతుంది? నా జీవితకాలంలో కాదు.

మరి ఎందుకు మార్చాలంటే, ఇది పూర్తిగా పోతే కారే కదలదు. ఇందులో మామూలు స్టార్టర్ లేదు. ఇంజన్ని తిప్పేది పెద్ద బ్యాటరీయే. ట్యాంకు నిండా పెట్రోలున్నా రావులపాలెం వంతెన మీద బొమ్మలా నిలబడిపోతుంది. కాబట్టి మైలేజీ తగ్గడం హెచ్చరిక మాత్రమే. డాష్‌బోర్డు మీద హెచ్చరిక త్రికోణం పదేపదే వెలగడం, బండి లాగలేకపోవడం మొదలైతే ఇక కాలయాపన వద్దు.

6. పాత కాడికి కొత్త ఎద్దుని కట్టకండి.

ఇది తెలిసీ చేసిన తప్పు. పాడైన మాడ్యూళ్లు మాత్రం మారిస్తే పదో వంతు ఖర్చుతో పోతుందని హైదరాబాదులో ఒకాయన అన్నాడు. రైల్లో ఒక్క సెల్లు చెడితే వరసంతా కుంటుతుందని, అక్కడ అదే వయసు సెల్లు వెతికి పెట్టేవాళ్లమని నాకు తెలుసు. అయినా డబ్బు మీద ఆశ. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. తర్వాత ఇంకో బ్లాకు, నెల తిరక్కుండా మరొకటి. బలమైన ఎద్దు లాగుతుంటే ముసలిది కూలబడుతుంది. ఆర్నెల్లలో అమ్మేసే కారుకి తప్ప ఈ వైద్యం వద్దు. కొనేవాడికి ఆ సంగతి చెప్పే అమ్మండి.

7. మిగిలింది కారు లెక్క.

కొత్త బ్యాటరీ వేయించాలో వద్దో తేల్చడానికి మూడు ప్రశ్నలు వేసుకున్నాను. బ్యాటరీ ఖర్చు, కారు అమ్మితే వచ్చే డబ్బులో సగం దాటుతుందా? ఆర్సీ గడువు ఎంతుంది? మా కారుకి పదిహేనేళ్లు 2029లో నిండుతాయి, ఆపైన ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. బాడీ అడుగున తుప్పు ఉందా? కాకినాడ, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో తిరిగిన బండికి ఈ మూడోదే అసలు ప్రశ్న. వరద నీళ్లు డిక్కీ దాకా వచ్చిన బండైతే ప్రశ్నలే అక్కర్లేదు, వదిలించుకోండి.

మాకు ఖర్చు సగానికి కాస్త కిందకొచ్చింది, తుప్పు లేదు. 2025లో కంపెనీ కొత్త బ్యాటరీయే వేయించాం. "అంత డబ్బుకి చిన్న కారొచ్చేది" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. 2027 పుష్కరాలకి చుట్టాలంతా మనింటికే దిగుతారని గుర్తుచేస్తే ఊరుకుంటుంది.

8. నారింజ రంగు తీగల జోలికి వెళ్లకండి.

110 వోల్టుల డీసీతో నలభై ఏళ్లు కాపురం చేసినవాణ్ణి, నేనే ఆ 244.8 వోల్టుల బ్యాటరీ మూత తీయలేదు.

9. పాత బ్యాటరీని పాత సామాన్లవాడికి వేయకండి.

అందులో నికెలుంది, దానికి విలువుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల బాధ్యత తయారీదారులదే. కొత్తదాని బిల్లులో పాతదాని తగ్గింపు ఎంతో అడిగి రాయించుకోండి. కొత్తగా హైబ్రిడ్ కొనేవాళ్లు వారంటీ కాగితం దాచుకోండి. ఇప్పటి టొయోటాలకి బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తున్నారు, ఏది ముందైతే అది.

నిన్న ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వెళ్లొచ్చాక డైరీలో రాశాను: 1,31,480 కిలోమీటర్లు, లీటరుకి 17.6. వెనక సీట్లో మళ్లీ రెండు కోకోపీట్ బస్తాలు, ఈసారి గట్టి ప్లాస్టిక్ సంచుల్లో.