చెరువు నుంచి ఒలింపిక్ కొలను దాకా

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల పల్లెల్లో వానలు బాగా కురిసిన ఏడు చెరువులు నిండుతాయి. వ్యవసాయ బావుల్లో నీరు పైకి వస్తుంది. అప్పుడు పిల్లలకు పండుగే. నడుముకు బెండ్లు కట్టుకొని, పెద్దల కళ్లెదుట నీళ్లలోకి దిగుతారు. కొన్నాళ్లకు బెండ్లు విప్పేసి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదుతారు. ఈ ఈతకు గడియారం లేదు; బహుమతులు లేవు. ఇలా ఊరి చెరువులో ఈత నేర్చుకొని, ఒలింపిక్ క్రీడల్లో భారతదేశం తరఫున ఈదిన తెలుగువారు షంషేర్ ఖాన్.

ఆయన స్వగ్రామం రేపల్లె దగ్గరి కైతేపల్లి. అప్పుడది గుంటూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. షంషేర్ ఖాన్ చిన్నతనంలో కైతేపల్లి, తిరుత్తణి, తిరువళ్లూరు అన్నీ ఒకే మదరాసు రాష్ట్రంలోని ఊళ్లు. రేపల్లె ప్రాంతం కృష్ణా డెల్టాలోనిది. కాలువలు, చెరువులు ఉన్న ఆ నేలలో పిల్లలకు నీళ్లంటే భయముండదు. షంషేర్ ఖాన్‌కూ అంతే. ఆయనకు మొదటి ఈతకొలను ఊరి చెరువే.

పెద్దయ్యాక ఆయన భారత సైన్యంలో చేరారు. అక్కడ ఆయన ఈతకు ఒక క్రమం ఏర్పడింది. చెరువులో ఈదడం వేరు, పోటీలో ఈదడం వేరు. పోటీ కొలను పొడవు 50 మీటర్లు. 200 మీటర్ల పోటీలో నాలుగు పొడవులు ఈదాలి. సంకేతం వినగానే దూకాలి. తన వరుస దాటి పక్కకు పోరాదు. గోడను తాకి వెంటనే మళ్లాలి. చేతులు, కాళ్లు ఎలా కదిలించాలో కూడా నియమాలున్నాయి. ఒక్క నియమం తప్పినా ఈదిన శ్రమంతా వృథా అవుతుంది.

షంషేర్ ఖాన్ ఎంచుకొన్నది బటర్‌ఫ్లై ఈత. రెండు చేతులనూ ఒకేసారి నీటిపైకి ఎత్తి ముందుకు విసరాలి. రెండు కాళ్లనూ కలిపి కొట్టాలి. చేతులు సీతాకోకచిలుక రెక్కల్లా కనిపిస్తాయి కనుక దానికి ఆ పేరు వచ్చింది. చూడటానికి అందంగా ఉన్నా, ఒంట్లోని బలమంతా లాగివేసే ఈత ఇది. 1952 వరకు దీనిని బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఒక భాగంగానే లెక్కించేవారు. ఆ తరువాతే ఇది వేరే పోటీ అయింది. ఈ కొత్త పోటీలో, 200 మీటర్ల దూరానికి, షంషేర్ ఖాన్ 1954లో జాతీయ రికార్డు నెలకొల్పారు.

1956లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. బటర్‌ఫ్లై ప్రత్యేక పోటీగా ఒలింపిక్స్‌లో చేరడం అదే మొదటిసారి. షంషేర్ ఖాన్ 200 మీటర్ల బటర్‌ఫ్లైలోనూ, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనూ పాల్గొన్నారు. రెండింటిలోనూ తుది పోటీకి చేరలేకపోయారు. బటర్‌ఫ్లైలో అమెరికాకు చెందిన విలియం యోర్జిక్ 2 నిమిషాల 19.3 సెకన్లలో ఈది స్వర్ణపతకం గెలుచుకొన్నారు.

షంషేర్ ఖాన్ పతకం లేకుండానే తిరిగి వచ్చారు. మళ్లీ సైనికుడిగా తన విధుల్లో చేరారు. 1962లో చైనాతో జరిగిన యుద్ధకాలంలో దేశసేవ చేశారు. సుబేదారుగా పదవీ విరమణ చేసి, కైతేపల్లికి వచ్చి, పింఛనుపై నిరాడంబరంగా జీవించారు. 2017 అక్టోబరు 15న కన్నుమూశారు. ఒలింపిక్స్‌లో పాల్గొన్న వ్యక్తి అక్కడ ఉన్నారని చాలాకాలం ఎక్కువమందికి తెలియదు. గెలిచినవారి పేర్లే గుర్తుంచుకోవడం లోకం అలవాటు.

అయితే ఆయన ఈది వెళ్లిన దారి మూసుకుపోలేదు. 2021 జూన్‌లో కేరళకు చెందిన సజన్ ప్రకాశ్ రోమ్ నగరంలో అదే 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదారు. ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే కాలపరిమితిని అందుకొన్న మొదటి భారతీయ ఈతగాడు ఆయనే. 1956లో స్వర్ణం తెచ్చిన కాలం కంటే ఇది దాదాపు 23 సెకన్లు తక్కువ. ఒక తరం ఆగినచోటు నుంచే మరో తరం బయలుదేరుతుంది.

పతకం రాలేదు కనుక షంషేర్ ఖాన్ ఓడిపోయారని అనవచ్చునా? ఊరి చెరువులో ఈదిన బాలుడు దేశంలో అందరికంటే వేగంగా ఈదారు. ప్రపంచంలోని మేటి ఈతగాళ్ల సరసన నిలిచారు. ఆయన శ్రమను కొలవడానికి పతకం ఒక్కటే కొలబద్ద కాదు. అటువంటివారిని బతికి ఉండగానే గుర్తించి గౌరవించడం సమాజం బాధ్యత.

పదాలు – అర్థాలు

బెండ్లు = నీటిపై తేలే తేలికైన చెక్క ముక్కలు
నిరాడంబరంగా = ఆర్భాటం లేకుండా
కొలబద్ద = కొలిచే సాధనం
సరసన = పక్కన

ప్రశ్నలు

1. చెరువులో ఈదడానికీ, పోటీలో ఈదడానికీ గల భేదాలేవి?
2. బటర్‌ఫ్లై ఈతకు ఆ పేరు ఎందుకు వచ్చింది?
3. "ఒక తరం ఆగినచోటు నుంచే మరో తరం బయలుదేరుతుంది." ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
4. మీ ఊరిలో ప్రతిభ ఉండీ గుర్తింపు పొందని ఒకరిని గురించి పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి.